విప్లవానంతర రష్యాలో బహిరంగ స్మారక శిల్పం

1917 అక్టోబర్ విప్లవం తరువాత సోవియట్ ప్రభుత్వం తన రాజకీయ భావాలను వీధుల్లో, కూడళ్లలో విగ్రహాల రూపంలో ప్రజల ముందుంచడానికి చేపట్టిన కార్యక్రమాన్ని ‘స్మారక ప్రచార ప్రణాళిక’ అంటారు. 1918 ఏప్రిల్ 12న వెలువడిన డిక్రీ దీనికి మూలం. జార్ చక్రవర్తుల విగ్రహాలు తొలగించడం, విప్లవకారులకూ ఆలోచనాపరులకూ రచయితలకూ కళాకారులకూ కొత్త విగ్రహాలు నెలకొల్పడం అందులోని రెండు ప్రధాన విషయాలు. 1918–20 మధ్య మాస్కోలో సుమారు 25, పెట్రోగ్రాడ్‌లో (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్) సుమారు 15 స్మారకాలు లేచాయి. వాటిలో చాలావరకు గచ్చుతోనో సిమెంటుతోనో చేసినవి. అందుకే కొద్దికాలానికే శిథిలమయ్యాయి.

ఈ చరిత్రలో రెండు దశలున్నాయి. తొలి దశలో ఎందరెందరికో విగ్రహాలు లేచాయి. ఒకరి సిద్ధాంతం ఒకరికి గిట్టనివారు కూడా వారిలో ఉన్నారు. 1924లో లెనిన్ మరణించాక మొదలైన మలి దశలో విగ్రహాలు కంచుకు, గ్రానైటుకు, ఉక్కుకు మారాయి, ఎత్తు పెరిగాయి. వాటికెక్కే మనుషులు మాత్రం ఒకరిద్దరికి తగ్గిపోయారు. ప్రణాళిక ఘనతను విగ్రహాల లెక్కతో చెప్పడం సోవియట్ కాలపు పుస్తకాలకు అలవాటు. మనుషులు తగ్గిపోయిన ఈ తీరును పట్టించుకోకపోతే ఆ లెక్క వల్ల తెలిసేది చాలా తక్కువ.

పారిస్ ఉదాహరణ

లెనిన్ నాయకత్వంలో ఆ విప్లవం నడిపిన బోల్షెవిక్కుల కళ్లముందు పారిస్ చరిత్ర ఉంది. 1792 ఆగస్టులో ఫ్రెంచి రాచరికం కూలగానే జనం కూడళ్లలోని రాజుల విగ్రహాలను పడగొట్టారు. ఆ కంచును ఫిరంగులకు వాడమని శాసనసభ ఆదేశించింది. పదిహేనో లూయీ గుర్రపు విగ్రహం ఉండిన పీఠం మీద గచ్చుతో చేసిన స్వేచ్ఛామూర్తిని కూర్చోబెట్టారు. ప్రజాశక్తికి ప్రతీకగా మహాకాయుడైన హెర్క్యులిస్‌ను నిలపాలనీ, కూల్చిన రాజుల విగ్రహాల ముక్కలనే దానికి అడుగున పేర్చాలనీ చిత్రకారుడు జాక్ లూయీ దావీద్ 1793లో ప్రతిపాదించాడు. అది కట్టడం జరగలేదు.

1871లో కొద్ది వారాలు నగరాన్ని ఏలిన విప్లవ ప్రభుత్వం ‘పారిస్ కమ్యూన్’ మరో అడుగు ముందుకు వేసింది. నెపోలియన్ యుద్ధవిజయాలకు గుర్తయిన వాందోమ్ స్తంభాన్ని కూల్చాలని ఏప్రిల్ 12న తీర్మానించి, మే 16న పడగొట్టింది. కమ్యూన్‌ను అణచివేసిన తరువాత వచ్చిన ప్రభుత్వం స్తంభాన్ని తిరిగి నిలబెట్టి, ఆ ఖర్చంతా కమ్యూన్‌లో పాల్గొన్న చిత్రకారుడు గుస్తావ్ కూర్బే నెత్తిన వేసింది. అతను స్విట్జర్లాండ్‌లో ప్రవాసంలో ఉండగానే 1877లో చనిపోయాడు. రష్యా డిక్రీ తేదీ కూడా ఏప్రిల్ 12 కావడం కాకతాళీయమే కావచ్చు. లెనిన్ మాత్రం కమ్యూన్ చరిత్రను శ్రద్ధగా చదివి, దాని మీద విస్తారంగా రాసినవాడు.

డిక్రీ

ఈ ఆలోచన లెనిన్‌కు ఎలా వచ్చిందో విద్యాశాఖ కమిసార్ అనతోలి లూనచార్స్కీ తరువాతి కాలంలో గుర్తుచేసుకున్నాడు. ఇటలీ సన్యాసి తొమ్మాసో కాంపనెల్లా 17వ శతాబ్దం తొలినాళ్లలో చెరసాలలో ఉండి రాసిన ‘సూర్యనగరం’లో ఊరి గోడలన్నీ చిత్రాలతో నిండి ఉంటాయి. పిల్లలు వాటిని చూస్తూ శాస్త్రాలు, చరిత్ర నేర్చుకుంటారు. రష్యా చలికి, మంచుకు గోడ బొమ్మలు నిలవవు కాబట్టి విగ్రహాలు, శాసన ఫలకాలు పెడదామని లెనిన్ అన్నాడట. శాశ్వతత్వం గురించి ఇప్పుడే ఆలోచించనక్కరలేదు, తాత్కాలికమైనవైనా ఫరవాలేదు, ప్రతి ఆవిష్కరణా ఒక చిన్న పండుగలా, ఉపన్యాసంలా సాగాలి అన్నది అతని ఉద్దేశం. 1897 జనాభా లెక్కల ప్రకారం సామ్రాజ్యంలో చదువొచ్చినవారు సుమారు 21 శాతమే. విప్లవం నాటికి ఆ సంఖ్య పెరిగింది గాని, పత్రికలు అందని జనం ఇంకా కోట్లలో ఉన్నారు. విగ్రహాన్ని బడిపంతులుగా నిలబెట్టాలన్న ఆలోచనకు ఆ దేశంలో గట్టి కారణమే ఉంది.

డిక్రీ మీద లెనిన్, లూనచార్స్కీ, స్టాలిన్ సంతకాలున్నాయి. జార్లకూ వారి సేవకులకూ నిలిపిన స్మారకాల్లో చారిత్రక విలువ గాని కళావిలువ గాని లేనివాటిని తీసేయాలని అది చెప్పింది. ఏవి ఉంచాలో ఏవి తీయాలో తేల్చడానికి ఒక సంఘాన్ని నియమించింది. మే 1 నాటికే మరీ వికారమైనవి కొన్ని తొలగించాలని, కొత్త స్మారకాల తొలి నమూనాలు ప్రజల ముందుంచాలని గడువు పెట్టింది. అంతర్యుద్ధం మొదలవుతూ, రొట్టె దొరకని నగరాల్లో పెట్టిన గడువు అది. పని అనుకున్నట్టు సాగలేదు. సెప్టెంబర్ 18న లెనిన్ తీవ్రమైన ఆగ్రహంతో లూనచార్స్కీకి తంతి పంపాడు. నెలలు గడిచినా వీధిలో మార్క్స్ విగ్రహం ఒక్కటీ లేదేమని నిలదీశాడు. ఒక ప్రభుత్వాధినేత అన్ని ముట్టడుల మధ్య విగ్రహాల జాప్యం మీద మందలింపు పంపడాన్ని బట్టి ఆ పనికి అతను ఎంత విలువిచ్చాడో తెలుస్తుంది.

కూల్చినవి, ఉంచినవి

మాస్కో సోవియట్ భవనం ఎదురుగా జనరల్ స్కోబెలెవ్ గుర్రపు విగ్రహం 1912 నుంచి ఉండేది. టర్కీ యుద్ధంలో పేరు తెచ్చుకుని, మధ్యాసియాను రక్తపాతంతో లొంగదీసిన సేనాని అతను. ఆ విగ్రహాన్ని 1918 మే డే నాడు తొలగించారు. అదే చోట ఆ ఏడాదే సోవియట్ రాజ్యాంగ స్తంభం లేచింది. 1919లో శిల్పి నికొలాయ్ ఆంద్రేయెవ్ చేసిన స్వేచ్ఛామూర్తిని దానికి జత చేశారు. 1941లో రెంటినీ పడగొట్టారు. 1954లో అక్కడ నిలిచింది మాస్కో నగర స్థాపకుడిగా చెప్పుకునే 12వ శతాబ్దపు యూరీ దొల్గొరూకీ రాకుమారుడి గుర్రపు విగ్రహం. ఒక సేనాని గుర్రాన్ని దింపి విప్లవ స్వేచ్ఛను నిలిపిన చోటనే 36 ఏళ్ల తరువాత ఒక రాకుమారుడి గుర్రం వచ్చి నిలిచింది. సోవియట్ భావజాలం అంతర్జాతీయ విప్లవం నుంచి రష్యన్ రాజ్య గౌరవం వైపు ఎంత దూరం జరిగిందో చెప్పడానికి ఈ ఒక్క కూడలి చాలు.

క్రీస్తు రక్షకుని మహాదేవాలయం పక్కన అలెగ్జాండర్ ఓపెకూషిన్ చేసిన మూడో అలెగ్జాండర్ విగ్రహాన్ని 1918 వేసవిలో విప్పేశారు. సినీ దర్శకుడు ఐజెన్‌స్టైన్ ‘అక్టోబర్’ చిత్రం ఆ విగ్రహం ముక్కలవడంతోనే మొదలవుతుంది. క్రెమ్లిన్ లోపల, 1905లో విప్లవకారుడు కల్యాయెవ్ బాంబుకు గురైన గ్రాండ్ డ్యూక్ సెర్గేయ్ స్మారక శిలువ ఉండేది. 1918 మే డే రోజున లెనిన్ తానే తాడు పట్టుకుని లాగి దాన్ని పడగొట్టాడని క్రెమ్లిన్ కమాండెంట్ పావెల్ మాల్కోవ్ రాశాడు. మూడు నెలల తరువాత విగ్రహాలకు అర్హులంటూ ప్రకటించిన జాబితాలో ఆ కల్యాయెవ్ పేరు ఉంది.

అయితే కనిపించిందల్లా కూల్చారనుకోవడం తప్పు. ఫాల్కొనే చేసిన మహా పీటర్ కంచు రౌతు విగ్రహాన్నీ, క్లోద్ట్ చేసిన మొదటి నికోలస్ విగ్రహాన్నీ ముట్టుకోలేదు. పెట్రోగ్రాడ్‌లో పావొలో త్రుబెత్‌స్కోయ్ చేసిన మూడో అలెగ్జాండర్ మరో విగ్రహం 1937 దాకా అక్కడే ఉంది. దాని పీఠం మీద కవి దెమ్యాన్ బెద్నీ రాసిన ఎగతాళి పద్యం మాత్రం చెక్కించారు. శత్రువు విగ్రహాన్ని ఉంచి, దాని అర్థాన్ని మార్చడం కూల్చివేత కంటే తెలివైన పద్ధతి అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఎందుకంటే చూసేవాడు పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకేసారి చదువుకోగలుగుతాడు.

ఇలాంటిదే మాస్కోలో అలెగ్జాండర్ ఉద్యానంలోని స్తంభం. రొమానోవ్ వంశపు 300 ఏళ్ల పాలనకు గుర్తుగా 1914లో దాన్ని నిలిపి, రాజుల పేర్లు చెక్కించారు. 1918లో ఆ పేర్లు చెరిపి 19 మంది సామ్యవాద చింతకుల పేర్లు వేశారు. మార్క్స్, ఎంగెల్స్ సరే, వారితో పాటు థామస్ మోర్, కాంపనెల్లా, ఇంగ్లండ్ రైతు తిరుగుబాటుదారు విన్‌స్టన్లీ, మార్క్స్‌తో విభేదించిన అనార్కిస్టులు ప్రూధోన్, బకూనిన్ కూడా అందులో ఉన్నారు. విప్లవ రష్యాలో తొలి స్మారకాల్లో ఒకటి ఇలా పాత రాతి మీద కొత్త పేర్లతో తయారైంది. 2013లో రొమానోవ్‌ల 400వ సంవత్సరం సందర్భంగా దాన్ని విప్పి, మళ్లీ రాజుల పేర్లతో కట్టారు. ఆ 19 పేర్ల రాయి ఈ రోజు చూడడానికి లేదు.

66 పేర్ల జాబితా

1918 జులై 30న ప్రజా కమిసార్ల మండలి (సోవియట్ మంత్రివర్గం) ఆమోదించిన జాబితా ఆగస్టు 2న ‘ఇజ్వెస్తియా’ పత్రికలో అచ్చయింది. అందులో 66 పేర్లున్నాయి: విప్లవకారులు, ప్రజానాయకులు 31, రచయితలు, కవులు 20, తత్వవేత్తలు, శాస్త్రజ్ఞులు 3, చిత్ర శిల్పకారులు 7, సంగీతకారులు 3, నటులు 2.

ఈ జాబితాను నిదానంగా చదవాలి. ప్రాచీన రోములో బానిసల తిరుగుబాటు నడిపిన స్పార్టకస్‌తో అది మొదలవుతుంది. రోముకే చెందిన బ్రూటస్, ఫ్రెంచి విప్లవకారులు బాబేఫ్, మారా, రోబెస్పియేర్, దాంతోన్, ఇటలీ యోధుడు గారిబాల్డి ఉన్నారు. రైతు తిరుగుబాటు నాయకుడు స్తెపాన్ రాజిన్ ఉన్నాడు. 1881లో రెండో అలెగ్జాండర్‌ను చంపి ఉరికంబమెక్కిన సోఫియా పెరోవ్‌స్కయా, జెల్యాబోవ్, కిబాల్చిచ్ ఉన్నారు. వ్యక్తిగత హింసావాదాన్ని బోల్షెవిక్కులు సిద్ధాంతపరంగా తిరస్కరించారు, అయినా ఆ త్యాగాన్ని గౌరవించారు. మార్క్స్ బలగం 1872లో కార్మికుల అంతర్జాతీయ సంఘం ‘ఇంటర్నేషనల్’ నుంచి బహిష్కరించిన బకూనిన్ ఉన్నాడు. లెనిన్‌తో విడిపోయి, అక్టోబర్ విప్లవాన్నే తప్పుపట్టి, 1918 మేలో కన్నుమూసిన ప్లెఖానోవ్ కూడా ఉన్నాడు.

రచయితలు, చింతకులు, కళాకారుల వరుస ఇంకా విశాలం. దేవుణ్ణి నమ్మి విప్లవకారులను అనుమానించిన దోస్తోయెవ్‌స్కీ, హింసను ఒప్పుకోని తోల్‌స్తోయ్, జార్ ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసిన త్యూత్చెవ్ అందులో చేరారు. ఉక్రెయిన్ కవి షెవ్చెంకో, తత్వవేత్త స్కొవొరోదా, పోలండ్ సంగీతకారుడు షొపాఁ, మధ్యయుగాల్లో క్రైస్తవ పటాలు గీసిన సన్యాసి రుబ్ల్యోవ్ పేర్లున్నాయి. స్త్రీలు మాత్రం ఇద్దరే: పెరోవ్‌స్కయా, నటి కొమిస్సర్జెవ్‌స్కయా. స్త్రీ విముక్తిని జెండాగా ఎత్తుకున్న విప్లవానికి ఇది పెద్ద లోటు.

బతికున్నవారెవరికీ జాబితాలో చోటివ్వలేదు. లెనిన్ లేడు, ట్రాట్‌స్కీ లేడు. అధికారంలో ఉన్నవాళ్లు తమ విగ్రహాలు తామే పెట్టుకోకుండా ఉన్న ఆ కొద్ది సంవత్సరాలు సోవియట్ శిల్పచరిత్రలో అత్యంత గౌరవనీయమైనవి.

గచ్చు, సిమెంటు, కొయ్య

తొలి విగ్రహం 1918 సెప్టెంబర్ 22న పెట్రోగ్రాడ్‌లో ఆవిష్కృతమైంది. రైతు బానిసత్వాన్ని ఎండగడుతూ 1790లో పుస్తకం రాసి, మరణశిక్ష పడి, ఆపై సైబీరియాకు ప్రవాసం వెళ్లిన రదీష్చెవ్ ప్రతిమ అది. శిల్పి లియొనీద్ షెర్వుద్. జార్ల శీతాకాల ప్రాసాదం ఉద్యానపు కంచెను కొంత పగలగొట్టి, ఆ సందులో దాన్ని నిలిపారు. గచ్చు విగ్రహం మరుసటి జనవరిలో గాలికి పడి పగిలిపోయింది. దాని మరో ప్రతిని 1918 అక్టోబర్‌లోనే మాస్కోలో పెట్టారు.

విప్లవ తొలి వార్షికోత్సవమైన 1918 నవంబర్ 7కు విగ్రహాల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. ఆ రోజు మాస్కోలో లెనిన్ స్వయంగా రెండు ఆవిష్కరించాడు. ఒకటి సెర్గేయ్ మెజెన్‌త్సెవ్ చేసిన మార్క్స్–ఎంగెల్స్ జంట విగ్రహం. గచ్చుతో హడావుడిగా చేసిన ఆ పనిని జనం మెచ్చలేదు. ఇద్దరూ స్నానాల తొట్టిలో నిలబడ్డట్టున్నారని చెప్పుకున్నారు. రెండోది సెర్గేయ్ కొనెన్‌కోవ్ చేసిన ఫలకం. అక్టోబర్ పోరులో పడిపోయినవారి సమాధుల పైన, క్రెమ్లిన్ గోడకు దాన్ని అమర్చారు. చేతిలో తాటిమట్ట పట్టుకున్న రెక్కల స్త్రీమూర్తిని రంగు సిమెంటులో పోతపోశాడు కొనెన్‌కోవ్. చర్చి శిల్పంలోని దేవదూతను, జానపద బొమ్మల రంగులను కలిపి అమరవీరుల గీతంలా మలచిన ఆ ఫలకం మొత్తం ప్రణాళికలోకెల్లా ఉత్తమమైన పనుల్లో ఒకటి. 1948లో దాన్ని గోడ నుంచి దించారు, ఇప్పుడు రష్యన్ మ్యూజియంలో ఉంది.

కొనెన్‌కోవే 1919 మే డే నాటికి రాజిన్‌నూ అతని సహచరులనూ కొయ్యలో చెక్కాడు. ఎర్ర మైదానంలో రాజశాసనాలు చదివి వినిపించిన లొబ్నొయే మెస్తో అరుగు మీద వాటిని నిలిపితే లెనిన్ వచ్చి ప్రసంగించాడు. రాజిన్‌కు 1671లో మరణశిక్ష వేసిన నగరం అదే. కొయ్య వానకు ఆగదు కాబట్టి త్వరలోనే మ్యూజియానికి తరలించారు.

బెయాత్రీసా సందోమిర్‌స్కయా చేసిన రోబెస్పియేర్ కాంక్రీటు విగ్రహానికి ఆయుష్షు నాలుగు రోజులు. 1918 నవంబర్ 3న ఆవిష్కరించారు, వార్షికోత్సవం నాటి రాత్రికే అది కూలిపోయింది. శత్రువులు పేల్చారని కొందరు, సామగ్రి నాసిరకమని కొందరు అన్నారు. కరువు కాలంలో కంచు లేదు, రాయి చెక్కే తీరిక లేదు, సిమెంటు కూడా కొరతే. శిల్పుల అశ్రద్ధను తప్పుపట్టేవారు ఈ పరిస్థితిని లెక్కలోకి తీసుకోవాలి.

గ్రానైటులో నిలిచినవి సెర్గేయ్ మెర్కురోవ్‌వి. అతని దోస్తోయెవ్‌స్కీ విగ్రహం విప్లవానికి ముందే చెక్కి సిద్ధంగా ఉంది. జాబితాలో పేరుండడంతో 1918 నవంబర్‌లో కూడలికి వచ్చింది. తోల్‌స్తోయ్ విగ్రహమూ అంతే, కాకపోతే 1928 దాకా ఆగాల్సి వచ్చింది. 1923లో మెర్కురోవ్ నిలిపిన వృక్షశాస్త్రజ్ఞుడు తిమిర్యాజెవ్ విగ్రహాన్ని 1941లో జర్మన్ బాంబు పడగొట్టింది, వెంటనే మళ్లీ నిలిపారు.

రూపం మీద తగవు

ఎవరి విగ్రహం పెట్టాలన్నది తేలినా, ఎలా ఉండాలన్నది తేలలేదు. మాస్కోలో ఈ పని నడిపించిన కళాశాఖ బాధ్యుడు వ్లదీమిర్ తాత్లిన్ నవ్య కళావాది. పోటీలో అన్ని ధోరణుల శిల్పులకూ చోటిచ్చారు. బోరిస్ కొరొల్యోవ్ బకూనిన్‌ను క్యూబిస్టు పద్ధతిలో, కోణాలు ఢీకొనే ముద్దగా మలిచాడు. పలకల చాటున ఉన్న ఆ విగ్రహం బయటపడగానే కార్మికుల నుంచి నిరసన వచ్చింది. తమ నాయకుడికి అవమానం జరిగిందని అనార్కిస్టులూ కోపగించారు. దాన్ని తీసేశారు. పెట్రోగ్రాడ్‌లో ఇటలీ శిల్పి ఒర్లాందో గ్రిజెల్లి చేసిన పెరోవ్‌స్కయా తల 1918 డిసెంబర్‌లో లేచి, కొన్ని నెలలకే నగర సోవియట్ ఆదేశంతో తొలగిపోయింది. బలమైన మెడ, సింహపు జూలులాంటి జుట్టు ఉన్న ఆ స్త్రీమూర్తి పరిచయమైన పెరోవ్‌స్కయాలా లేదన్నది అభ్యంతరం.

కళాకారుడి విప్లవానికీ జనం కోరే పోలికకూ మధ్య వచ్చిన ఈ పేచీలో తప్పంతా ఒకవైపే ఉందనడం న్యాయం కాదు. చదువురాని మనిషికి బకూనిన్ ఎవరో చెప్పడానికే ఆ విగ్రహం పెట్టారు. అతనికి మనిషే కనిపించకపోతే ఆ ఉద్దేశం చెడుతుంది. మరోవైపు, ఆ తగవు తరువాత ప్రభుత్వం పోలికనే కొలబద్ద చేసుకుంది. ఆ కొలబద్ద చివరికి వేల ఒకేరకం విగ్రహాలకు దారితీసింది.

తాత్లిన్ అసలు మనిషి రూపాన్నే వదిలేశాడు. కమ్యూనిస్టు పార్టీల అంతర్జాతీయ సంఘమైన మూడో ఇంటర్నేషనల్ కోసం 1919–20లో అతను తయారుచేసిన స్మారకం 400 మీటర్ల ఎత్తున, ఇనుప మెలికలతో, లోపల గాజు గదులతో లేవాల్సింది. అడుగున సభలు జరిగే ఘనాకారపు గది ఏడాదికొకసారి, పిరమిడ్ నెలకొకసారి, స్తూపాకారపు గది రోజుకొకసారి తిరిగేలా ఊహించాడు. కొయ్య నమూనాను 1920 నవంబర్‌లో పెట్రోగ్రాడ్‌లో, డిసెంబర్‌లో సోవియట్ల 8వ మహాసభ సందర్భంగా మాస్కోలో చూపించారు. అంత ఉక్కు అప్పటి రష్యాలో లేదు. ట్రాట్‌స్కీ ఆ గదులు తిరగవలసిన అవసరమేమిటని తన ‘సాహిత్యం–విప్లవం’ పుస్తకంలో ప్రశ్నించాడు. అయినా వ్యక్తి ఆరాధన లేకుండా విప్లవానికి స్మారకం ఊహించవచ్చని చూపిన ఆలోచన అది. 20వ శతాబ్దపు వాస్తుకళ మీద దాని ప్రభావం, కట్టిన విగ్రహాలన్నిటి ప్రభావం కంటే ఎక్కువ.

వ్యక్తి బొమ్మ లేకుండా నిజంగా కట్టినది కూడా ఒకటి ఉంది. జార్‌ను గద్దె దించిన 1917 ఫిబ్రవరి విప్లవంలో చనిపోయినవారిని పెట్రోగ్రాడ్ ‘మార్స్ మైదానం’లో సామూహికంగా పూడ్చారు. అక్కడ వాస్తుశిల్పి లేవ్ రుద్నెవ్ గ్రానైటు దిమ్మలతో తక్కువ ఎత్తు ప్రాకారం కట్టాడు, దాని మీది మాటలు లూనచార్స్కీ రాశాడు. ఓడరేవు గట్టు నుంచి తెచ్చిన పాత రాళ్లవి. 1919 నవంబర్ 7న ప్రారంభమైన ఈ స్మారకం ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. సోవియట్ దేశపు తొలి అఖండ జ్యోతుల్లో ఒకదాన్ని 1957లో ఇక్కడ వెలిగించారు.

ఒకే ముఖం

1924 జనవరి 21న లెనిన్ మరణించాడు. తన భర్త పేరిట స్మారకాలు, భవంతులు కట్టవద్దని, ఆ డబ్బుతో పిల్లల బడులు, ఇళ్లు, ఆసుపత్రులు కట్టమని నదేజ్దా క్రూప్‌స్కయా పది రోజులైనా గడవకముందే పత్రికాముఖంగా వేడుకుంది. ఆ విన్నపాన్ని ఎవరూ మన్నించలేదు. ఎర్ర మైదానంలో అలెక్సేయ్ ష్చూసెవ్ గీసిన సమాధి భవనం మొదట కొయ్యతో లేచి, 1930కల్లా గ్రానైటుగా మారింది. లెనిన్ ప్రతిమలు అనుమతి లేకుండా తయారుచేయడాన్ని 1924లోనే నిషేధించారు. దాంతో ముఖం ఎలా ఉండాలో నిర్ణయించే అధికారం ఒక సంఘం చేతికి వెళ్లింది.

1926లో లెనిన్‌గ్రాడ్ (పెట్రోగ్రాడ్ కొత్త పేరు) ఫిన్లాండ్ స్టేషన్ ముందు సెర్గేయ్ యెవ్సేయెవ్ నిలిపిన విగ్రహం మంచి పని. 1917 ఏప్రిల్‌లో ప్రవాసం నుంచి దిగి సాయుధ శకటం మీద నిలబడి మాట్లాడిన లెనిన్, చెయ్యి ముందుకు చాచి ఉంటాడు. ఆ చెయ్యి అటుపైన దేశమంతటా అచ్చుపోతలోకి వెళ్లింది. ప్రతి జిల్లా కేంద్రంలోనూ కోటు, టోపీ, చాచిన చెయ్యి తప్పనిసరి అయ్యాయి. 1932లో స్వతంత్ర కళాసంఘాలన్నిటినీ రద్దుచేసి, ఆపై సామ్యవాద వాస్తవికతను అధికారిక రీతిగా ప్రకటించాక ఇక వాదానికి చోటు లేకుండా పోయింది. 1920 మే డే నాడు మార్క్స్ విగ్రహానికి లెనిన్ శంకుస్థాపన చేస్తే, ఆ విగ్రహం లేవ్ కెర్బెల్ చేతుల మీదుగా 1961లో పూర్తయింది. అదే రోజు మూడో అలెగ్జాండర్ విగ్రహం ఉండిన చోట ‘విముక్త శ్రమ’ స్మారకానికీ పునాది రాయి వేశాడు. అది లేవనే లేదు.

1931 డిసెంబర్‌లో క్రీస్తు రక్షకుని దేవాలయాన్ని పేల్చివేసి, అక్కడ సోవియట్ల ప్రాసాదం కట్టాలని నిర్ణయించారు. బోరిస్ యొఫాన్ పథకం ప్రకారం మొత్తం ఎత్తు 415 మీటర్లు, శిఖరాన 100 మీటర్ల లెనిన్. యుద్ధం వచ్చి పని ఆగింది. ఆ గుంతను తరువాత ఈతకొలనుగా మార్చారు, 1990ల్లో తిరిగి దేవాలయం కట్టారు. మాస్కో–వోల్గా కాలువ ముఖద్వారంలో 1937లో మెర్కురోవ్ లెనిన్, స్టాలిన్‌ల భారీ గ్రానైటు విగ్రహాలు ఎదురెదురుగా నిలిపాడు. ఆ కాలువ తవ్వింది ఖైదీలు. స్టాలిన్‌ను ఖండించిన 1961 పార్టీ మహాసభ తరువాత అతని విగ్రహాన్ని పేల్చేశారు, లెనిన్ మిగిలాడు.

ఆ దశాబ్దంలో నిజమైన కళాఖండం వేరా ముఖినా చేసిన ‘కార్మికుడు, సామూహిక క్షేత్ర స్త్రీ’. 1937 పారిస్ ప్రదర్శనలో యొఫాన్ కట్టిన సోవియట్ మండపం మీద, జర్మనీ నాజీ మండపానికి ఎదురుగా, సుత్తి, కొడవలి ఎత్తిన యువతీ యువకులిద్దరు ముందుకు దూకారు. సుమారు 24 మీటర్ల ఆ శిల్పాన్ని స్టెయిన్‌లెస్ స్టీలు రేకులతో అతికి, 65 ముక్కలుగా విప్పి, 28 రైలు వ్యాగన్లలో పారిస్ పంపారు. అందులో నాయకుడు లేడు, పేరున్న మనిషి లేడు. బహుశా అందుకే సోవియట్ యూనియన్ కూలిన 1991 తరువాత కూడా దాన్ని దించాలని ఎవరూ అనలేదు. 2009లో మరమ్మతు చేసి మాస్కోలో తిరిగి నిలిపారు. మోస్ఫిల్మ్ సినిమాల మొదట్లో తిరిగే బొమ్మ ఇదే.

సరిహద్దులు దాటి

రెండో ప్రపంచయుద్ధం తరువాత తూర్పు ఐరోపాకు ఈ శిల్పం విప్లవంతో కాక సైన్యంతో వెళ్లింది. బుడాపెస్ట్‌లో 1951లో నిలిపిన స్టాలిన్‌ను 1956 అక్టోబర్ 23న తిరగబడిన జనం మోకాళ్ల దగ్గర కోసి పడగొట్టారు. పీఠం మీద బూట్లు మాత్రం మిగిలాయి. ప్రాగ్‌లో 15 మీటర్లకు పైగా ఎత్తున్న స్టాలిన్ బృంద విగ్రహాన్ని 1955 మే డేన ఆవిష్కరించారు. శిల్పి ఓతాకర్ ష్వెత్స్ అప్పటికే ఆత్మహత్య చేసుకున్నాడు. 1962లో ఆ విగ్రహాన్ని ప్రభుత్వమే పేల్చేసింది.

చైనా వేరే దారి పట్టింది. 1958లో తియనాన్‌మెన్ మైదానంలో పూర్తయిన ప్రజావీరుల స్మారకం దాదాపు 38 మీటర్ల స్తంభం. దాని చుట్టూ 1839 నల్లమందు దహనం నుంచి 1949లో యాంగ్జీ నది దాటడం దాకా ఎనిమిది చలువరాతి దృశ్యాలున్నాయి. వాటిలో ఏ నాయకుడి ముఖమూ గుర్తుపట్టేలా లేదు, ఉన్నది పేరులేని జనమే. కాకపోతే స్తంభం మీద మావో చేతిరాత ఉంది, సాంస్కృతిక విప్లవ కాలంలో అతని విగ్రహాలు ఊరూరా లేచాయి.

తెలుగునాట విప్లవ ప్రభుత్వం ఏర్పడలేదు కాబట్టి ప్రభుత్వ ఆజ్ఞతో లేచిన విప్లవ శిల్పమూ లేదు. సోవియట్ ఛాయ ఉన్నది విజయవాడ లెనిన్ సెంటర్‌లో, పాత పుస్తకాల దుకాణాల పక్కనున్న లెనిన్ విగ్రహంలో. తెలంగాణ సాయుధ పోరాటం నుంచి ఇక్కడి ఎర్రజెండా ఉద్యమాలు ఎంచుకున్న రూపం ప్రధానంగా స్తూపం: ఇటుక, సిమెంటు, ఎర్రరంగు, అమరుల పేర్లు. 1981 ఏప్రిల్ 20 పోలీసు కాల్పుల్లో చనిపోయిన గోండుల స్మృతిలో ఇంద్రవెల్లిలో లేచిన స్తూపాన్ని ఒకసారి పేల్చేశారు, తరువాత మళ్లీ కట్టారు. ముఖం కంటే పేర్లకు పెద్దపీట వేసే ఈ పద్ధతి 1918 నాటి మాస్కోలో 19 పేర్లు చెక్కిన స్తంభానికి దగ్గరిది.

కూలినవి, మిగిలినవి

1991 ఆగస్టు 22న మాస్కోలో రహస్య పోలీసు వ్యవస్థాపకుడు జెర్జిన్‌స్కీ విగ్రహాన్ని క్రేనుతో దించారు. యెవ్గేనీ వుచేతిచ్ 1958లో చేసిన ఆ విగ్రహం ఇప్పుడు ‘మూజెయోన్’ ఉద్యానంలో, తొలగించిన ఇతర విగ్రహాల మధ్య ఉంది. బుడాపెస్ట్ 1993లో ఇలాంటి ఉద్యానమే తెరిచింది. ఉక్రెయిన్‌లో 2013 డిసెంబర్ 8న కీవ్ నగరంలోని మెర్కురోవ్ లెనిన్ పడిపోయాడు. కమ్యూనిస్టు చిహ్నాలను నిషేధించిన 2015 చట్టాల తరువాత ఆ దేశంలో 1,300కి పైగా లెనిన్ విగ్రహాలు తీసేశారు. 1918 డిక్రీలో కళావిలువ ఉన్నవాటిని వేరుచేసి చూసే సంఘమొకటి ఉంది. కూల్చివేత కోపంలో జరిగినప్పుడు అటువంటి పరిశీలన జరగదు. దాని వల్ల పోయినవాటిలో యెవ్సేయెవ్, మెర్కురోవ్‌ల స్థాయి పనులూ ఉండవచ్చు, అచ్చుపోసిన సిమెంటు బొమ్మలూ ఉండవచ్చు. వాటిని విడదీసి నమోదు చేయాల్సిన పని చరిత్రకారులది.

తొలి ప్రణాళిక విగ్రహాల్లో వీధిలో నిలిచి ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మాస్కో విశ్వవిద్యాలయం పాత భవనం ముంగిట ఆంద్రేయెవ్ చెక్కిన రచయితలు హెర్జెన్, ఒగర్యోవ్‌ల విగ్రహాలు 1922 నుంచి అక్కడే ఉన్నాయి. తిమిర్యాజెవ్ తన కూడలిలోనే ఉన్నాడు. మెర్కురోవ్ దోస్తోయెవ్‌స్కీని 1936లో, రచయిత పుట్టిన మరియీన్‌స్కీ ఆసుపత్రి ఆవరణకు మార్చారు. 1941లో పడగొట్టిన స్వేచ్ఛామూర్తిలో తల భాగం ఒక్కటి త్రెత్యకోవ్ గ్యాలరీలో భద్రంగా ఉంది.